పార్టీ అభ్యర్థిని నిర్ణయించవలసింది ఓటరా, డెలిగేటా?

ప్రశ్న: మంజీర (బోతెల్, వాషింగ్టన్ రాష్ట్రం)

అందరికీ నమస్కారం. నాకు 2019లో అమెరికా పౌరసత్వం వచ్చింది. మరుసటి ఏడాది ఫిబ్రవరిలో అధ్యక్ష అభ్యర్థుల ఎంపికకు జరిగే ప్రైమరీ ఎన్నికల బ్యాలెట్ పోస్టులో ఇంటికి వచ్చింది. మా రాష్ట్రంలో అందరికీ బ్యాలెట్ ఇంటికే వస్తుంది. నింపి పోస్టులో పంపవచ్చు, లేదా ఊళ్లో పెట్టిన డ్రాప్ బాక్సులో వేయవచ్చు. మిగతా ఎన్నికల్లో లేని ఒక నియమం మాత్రం ఇందులో ఉంది. కవరు పైన డెమొక్రాటిక్ పార్టీయా, రిపబ్లికన్ పార్టీయా అన్న గడిలో టిక్కు పెట్టి సంతకం చేయాలి. పార్టీని ఎంచుకోకపోతే ఆ ఓటు లెక్కలోకి రాదు. ఓటు రహస్యమని చిన్నప్పటి నుంచి వింటూ పెరిగిన నాకు, పోస్టు తెచ్చే మనిషికి సైతం కనబడేలా పార్టీ పేరు చెప్పుకోవడం ఇబ్బందిగానే అనిపించింది. అయినా పార్టీ తన అభ్యర్థిని ఎంచుకునే ఎన్నిక కాబట్టి తప్పదని సరిపెట్టుకుని, అభ్యర్థుల వాదనలన్నీ చదివి, ఫిబ్రవరి చివరి వారంలో శ్రద్ధగా ఓటు వేసి పంపాను.

మా ప్రైమరీ తేదీ మార్చి 10. మార్చి 3న, అంటే చాలా రాష్ట్రాల్లో ఒకేసారి ప్రైమరీలు జరిగే సూపర్ ట్యూస్‌డే నాడు, ఫలితాలు వచ్చాయి. ఆ తర్వాత రెండు రోజులకే నేను ఓటు వేసిన అభ్యర్థి పోటీ నుంచి తప్పుకున్నారు. పోస్టులో వేసిన బ్యాలెట్‌ను వెనక్కు తెచ్చుకునే దారి లేదు. పార్టీ జాతీయ సదస్సుకు వెళ్లి అభ్యర్థిని ఎన్నుకునే ప్రతినిధులను డెలిగేట్లు అంటారు. చివరికి మా రాష్ట్రానికి కేటాయించిన 89 మంది డెలిగేట్లను బైడెన్, శాండర్స్ 46–43గా పంచుకున్నారు. 15 శాతం ఓట్లు దాటని మిగతా అభ్యర్థులకు ఒక్క డెలిగేట్ కూడా దక్కలేదు. నా మొట్టమొదటి అధ్యక్ష ఎన్నికల ఓటు ఎవరికీ చెందకుండా పోయిందన్న బాధ నాకు ఇప్పటికీ తగ్గలేదు.

2024లో మరో సందేహం వచ్చింది. డెమొక్రాటిక్ ప్రైమరీలు దాదాపు అన్నీ బైడెన్ పేరు మీద జరిగాయి. జూలై 21న ఆయన తప్పుకున్నారు. ఆ ప్రైమరీల్లో ఏ బ్యాలెట్ మీదా అధ్యక్ష అభ్యర్థిగా కనబడని కమలా హారిస్‌ను, ఆగస్టు మొదటి వారంలో, ఆన్‌లైన్‌లో జరిగిన ఓటింగ్‌లో 99 శాతం డెలిగేట్లు బలపరచి అభ్యర్థిని చేశారు. నేను ఆ నిర్ణయాన్ని తప్పుపట్టడం లేదు. కానీ ఓటరు వేసిన ఓటుకూ, డెలిగేట్ వేసే ఓటుకూ ఉన్న సంబంధం ఏమిటో నాకు అంతు చిక్కడం లేదు. ఓటరు మాటే తుది మాటయితే మధ్యలో డెలిగేట్ ఎందుకు? డెలిగేట్ సొంతంగా ఆలోచించగల మనిషే అయితే మా ఓటు వట్టి సలహా అవుతుందా?

మన దగ్గర పార్టీ అధిష్ఠానం బీ-ఫారం ఎవరి చేతిలో పెడితే వాళ్లే అభ్యర్థి. ఇక్కడ ఆ పరిస్థితి లేదని, సామాన్య ఓటరే అభ్యర్థిని నిలబెడతాడని తెనాలిలో ఉన్న మా నాన్నగారికి ఎన్నోసార్లు గర్వంగా చెప్పాను. ఆయన ఈ మధ్య ఫోనులో, "మరి ఆ డెలిగేట్లు ఎవరమ్మా, వాళ్లను ఎవరు ఎన్నుకున్నారు?" అని అడిగితే సరైన జవాబు చెప్పలేకపోయాను. ఇక్కడ ఏళ్ల తరబడి ఓటు వేస్తున్నవారు, ఈ పద్ధతి ఎలా ఉంటే న్యాయంగా ఉంటుందని మీరు అనుకుంటున్నారో వివరంగా చెప్పగలరా?

జవాబు: గోదారిగట్టు (ఇర్వింగ్, టెక్సాస్)

మంజీర గారూ, 2008 మార్చి 4 సాయంత్రం నేను కళ్లారా చూసినది ముందు చెబుతాను. అప్పట్లో టెక్సాస్ డెమొక్రాటిక్ పార్టీ ఒకే రోజు రెండు రకాలుగా డెలిగేట్లను పంచేది. పగలు మామూలుగా ప్రైమరీలో ఓటు వేయాలి. రాత్రి ఏడింటికి పోలింగ్ ముగిశాక, ఏడుంపావుకు కాకస్, అంటే ఓటర్లు స్వయంగా హాజరై తాము ఏ అభ్యర్థి పక్షమో అందరి ముందు చెప్పే సమావేశం, మొదలవుతుంది. ప్రైమరీలో ఓటు వేసినట్టు ఓటరు కార్డు మీద ముద్ర ఉన్నవాళ్లే రాత్రి సమావేశానికి అర్హులు. నేనూ మా ఆవిడా ఆఫీసుల నుంచి వచ్చి, రెండేళ్ల పిల్లవాడిని చంకన వేసుకుని, దగ్గర్లోని ప్రాథమిక పాఠశాలలో పిల్లలు భోజనం చేసే హాలుకు వెళ్లాం. ఇరవై మందికి మించి రారని నిర్వాహకులు నాలుగు సంతకాల కాగితాలు బల్ల మీద పెట్టుకుని కూర్చున్నారు. వచ్చినవాళ్లు రెండు వందలకు తక్కువ ఉండరు. కాగితాలు అయిపోతే ఎవరో నోటుబుక్కు పేజీలు చింపి, స్కేలుతో గీతలు కొట్టి, పేరు, చిరునామా, ఏ అభ్యర్థికి అని గళ్లు గీశారు. మా వంతు వచ్చేసరికి తొమ్మిదిన్నర అయింది. మా వెనుక నిలబడ్డ ఒక నర్సు, రాత్రి డ్యూటీకి వేళయిందని చెప్పి, సంతకం చేయకుండానే వెళ్లిపోయింది. ఆవిడకు పగలు వేసిన ఓటు ఒక్కటే మిగిలింది. నేను రెండుసార్లు లెక్కలోకి వచ్చాను. ఆ రాత్రి ఇంటికి తిరిగి వస్తుంటే నాకు సంతోషం కలగలేదు.

ఫలితం చూడండి. ప్రైమరీలో హిల్లరీ క్లింటన్ గెలిచి, 65–61గా డెలిగేట్లను పొందారు. కాకస్‌లో ఒబామా 38–29గా పొందారు. మొత్తం కలిపితే ఒబామాకు 99, క్లింటన్‌కు 94. రాష్ట్రంలో ఎక్కువ ఓట్లు వచ్చినవారికి తక్కువ డెలిగేట్లు వచ్చారన్నమాట. నేను ఆ ఏడాది ఒబామాకే ఓటు వేశాను, కాబట్టి ఓడిన బాధతో చెబుతున్న మాట కాదిది. పార్టీ అభ్యర్థిని నిర్ణయించే చోట కాకస్ ఉండకూడదు. సాయంత్రం రెండు మూడు గంటలు ఖాళీ ఉన్నవాడి అభిప్రాయానికి, రాత్రి డ్యూటీ ఉన్నవాడి అభిప్రాయం కంటే ఎక్కువ బరువు ఇచ్చే ఏ పద్ధతినీ నేను సమర్థించలేను. టెక్సాస్ డెమొక్రాట్లు 2016 నాటికి ఆ రెండో మెట్టును తీసేశారు.

కాకస్ లేకపోయినా లెక్కల్లో మరో చిక్కు ఉంది. డెమొక్రాటిక్ పార్టీ డెలిగేట్లలో ఎక్కువమందిని రాష్ట్రం మొత్తానికి కాక, నియోజకవర్గాల వారీగా పంచుతారు. ఒక నియోజకవర్గానికి నలుగురు డెలిగేట్లు, బరిలో ఇద్దరు అభ్యర్థులు ఉన్నారనుకోండి. ఒకరు 62 శాతం, రెండోవారు 38 శాతం తెచ్చుకున్నా, భిన్నాలను సరిచేస్తే 2–2గానే తేలుతుంది. మూడో డెలిగేట్ రావాలంటే 62.5 శాతం దాటాలి. పక్క నియోజకవర్గానికి ఐదుగురు ఉంటే, అక్కడ 51 శాతం వచ్చినవారికి ముగ్గురు వస్తారు. నలుగురున్న చోట ఎంతో కష్టపడి సంపాదించిన ఆధిక్యానికి విలువ లేదు, ఐదుగురున్న చోట వెంట్రుకవాసి ఆధిక్యానికి ఒక డెలిగేట్ బహుమానం. సరిసంఖ్య, బేసిసంఖ్యల మీద ఒక దేశాధ్యక్షుడి అభ్యర్థిత్వం ఆధారపడటం నాకు ఎప్పటికీ మింగుడు పడదు. 2008 ఫిబ్రవరి 5న న్యూజెర్సీలో పది లక్షలకు పైగా ఓటర్లు పాల్గొన్న ప్రైమరీలో క్లింటన్‌కు 59–48గా 11 మంది ఆధిక్యం వచ్చింది. ఇరవై వేల చిల్లర మంది పాల్గొన్న ఐడహో కాకస్‌లలో ఒబామాకు 15–3గా 12 మంది ఆధిక్యం వచ్చింది.

ఇది విని, దేశమంతటి ఓట్లను కూడి ఎక్కువ వచ్చినవారిని అభ్యర్థిగా ప్రకటించవచ్చు కదా అని కొందరు అంటారు. 2008లో ఆ కూడిక ఎలా చేయాలన్నదే తేలలేదు. కొన్ని కాకస్ రాష్ట్రాలు అసలు మనిషికింత అని ఓట్లు లెక్కించి ప్రకటించలేదు. మిషిగన్ పార్టీ నియమాన్ని మీరి ముందుగా ఎన్నిక పెట్టుకుంటే అక్కడి బ్యాలెట్ మీద ఒబామా పేరే లేదు. అందుచేత నా అభిప్రాయం ఇది: ప్రతి రాష్ట్రంలో ప్రైమరీయే జరగాలి, డెలిగేట్ల సంఖ్యను రాష్ట్రం మొత్తం ఓట్ల నిష్పత్తి ప్రకారం లెక్కించాలి, ఆ సంఖ్యలో ఎవరెవరు వెళ్లాలో మాత్రం నియోజకవర్గాల వారీగా ఎంచుకోవాలి. అప్పుడు సరిహద్దు ఊళ్ల మనుషులూ సదస్సుకు వెళ్తారు, ఓట్ల లెక్కా చెడదు.

జవాబు: చరిత్ర విద్యార్థి (నేపర్‌విల్, ఇల్లినాయ్)

గోదారిగట్టు గారు లెక్కల సంగతి చక్కగా చెప్పారు. నేను మంజీర గారు అడిగిన అసలు ప్రశ్న దగ్గరే ఆగుతాను: మధ్యలో డెలిగేట్ ఎందుకు?

మొదట ఈ దేశంలో డెలిగేటే సర్వస్వం, ఓటరే లేడు. ప్రైమరీలు విస్తృతంగా జరిగిన తొలి ఏడాది 1912. ఆ ఏడాది రిపబ్లికన్ ప్రైమరీల్లో అధిక భాగం థియోడర్ రూజ్‌వెల్ట్ గెలిచారు. అయితే ప్రైమరీలు జరిగింది కొన్ని రాష్ట్రాల్లోనే. మిగతా చోట్ల డెలిగేట్లు పార్టీ నాయకుల చేతిలో ఉన్నారు. చికాగో సదస్సులో అధ్యక్ష పదవిలో ఉన్న టాఫ్ట్‌కే అభ్యర్థిత్వం దక్కింది. రూజ్‌వెల్ట్ బయటికి వచ్చి సొంత పార్టీ పెట్టారు, ఓట్లు చీలి డెమొక్రాట్ విల్సన్ గెలిచారు. 1924లో డెమొక్రాట్లు న్యూయార్క్‌లోని మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో రెండు వారాలకు పైగా కూర్చుని, 103 విడతలు ఓటింగ్ జరిపితే గాని జాన్ డేవిస్ పేరు మీద ఒప్పందానికి రాలేదు. అప్పటి నియమం ప్రకారం మూడింట రెండు వంతుల మద్దతు కావాలి. ఆ నియమాన్ని 1936లో రద్దు చేశారు.

1968 నాటి సంగతి ఇంకా బాధాకరం. వియత్నాం యుద్ధాన్ని వ్యతిరేకిస్తూ యూజీన్ మెకార్తీ, రాబర్ట్ కెనడీ ప్రైమరీల్లో పోటీ పడ్డారు. కెనడీ జూన్‌లో లాస్ ఏంజిలిస్‌లో హత్యకు గురయ్యారు. ఆగస్టులో చికాగో సదస్సు, ఒక్క ప్రైమరీలోనూ పోటీ చేయని ఉపాధ్యక్షుడు హ్యూబర్ట్ హంఫ్రీని అభ్యర్థిగా ఎన్నుకుంది. బయట మిషిగన్ అవెన్యూ మీద పోలీసులు యువకులను కొడుతున్న దృశ్యాలు టీవీల్లో దేశమంతా చూసింది. నేను చికాగో డౌన్‌టౌన్‌కు వెళ్లినప్పుడల్లా గ్రాంట్ పార్కు పక్కనున్న ఆ రోడ్డు మీద ఓ నిమిషం నిలబడతాను. మనం ఈ రోజు ప్రైమరీ అని పిలుస్తున్న ఓటు హక్కు ఒక విధంగా అక్కడ పుట్టిందే. ఆ సదస్సు తర్వాత వేసిన మెక్‌గవర్న్–ఫ్రేజర్ కమిషన్, డెలిగేట్ల ఎంపిక ఓటర్లకు తెలిసేలా, ముందే ప్రకటించిన నియమాల ప్రకారం జరగాలని కట్టుదిట్టం చేసింది. దాంతో రాష్ట్రాలు వరుసగా ప్రైమరీల బాట పట్టాయి.

1972లో ఆ కొత్త నియమాలతో మెక్‌గవర్న్ గెలిచి అభ్యర్థి అయ్యారు, నవంబరులో 49 రాష్ట్రాల్లో ఓడిపోయారు. అనుభవజ్ఞులను పూర్తిగా పక్కన పెట్టామన్న భయంతో 1984 నుంచి పార్టీ నాయకులకూ చట్టసభల సభ్యులకూ సూపర్ డెలిగేట్ల హోదా, అంటే ప్రైమరీ ఫలితంతో నిమిత్తం లేకుండా తమకు నచ్చినవారికి సదస్సులో ఓటు వేసే హక్కు, ఇచ్చారు. 2016లో ఓటర్లు ఓటు వేయకముందే వారిలో అధికులు క్లింటన్ పక్షాన నిలబడటం శాండర్స్ అభిమానులను గాయపరిచింది. 2018లో చేసిన మార్పు ప్రకారం, సదస్సులో ఫలితం తారుమారయ్యే అవకాశం ఉంటే వారు మొదటి విడతలో ఓటు వేయకూడదు. ఇది మంచి సవరణ అని నా ఉద్దేశం.

ఇక చేతులు కట్టేసిన డెలిగేటా, స్వేచ్ఛ ఉన్న డెలిగేటా అన్న ప్రశ్న 1980లోనే ముఖాముఖి తేలింది. అప్పటి అధ్యక్షుడు కార్టర్‌కు కావలసినంత మంది డెలిగేట్లు ప్రైమరీల్లోనే వచ్చేశారు. కానీ వేసవి నాటికి ఆయన ప్రజాదరణ బాగా పడిపోయింది. న్యూయార్క్, కాలిఫోర్నియా ప్రైమరీలు గెలిచిన ఎడ్వర్డ్ కెనడీ, డెలిగేట్లను వారి నిబద్ధత నుంచి విడిపించాలని సదస్సులో ఓటింగ్ పెట్టించి ఓడిపోయారు. ఆ గొడవ తర్వాతే, డెలిగేట్ తనను ఎన్నుకున్నవారి మనోభావాన్ని మనస్సాక్షిగా ప్రతిబింబించాలన్న అర్థం వచ్చే మెత్తని నియమం డెమొక్రాటిక్ పార్టీలోకి వచ్చింది. అది నేటికీ ఉంది. 2024లో బైడెన్ తప్పుకున్నాక డెలిగేట్లు హారిస్‌కు ఓటు వేయగలిగారంటే, వారు గెలిపించవలసిన మనిషే బరిలో లేకపోవడం ఒక కారణం, ఈ నియమం రెండో కారణం.

మనస్సాక్షి అన్న మాట రాగానే తెలుగువాళ్లకు 1969 గుర్తు రాక మానదు. రాష్ట్రపతి పదవికి కాంగ్రెస్ అధికారిక అభ్యర్థి నీలం సంజీవరెడ్డి. ఇందిరా గాంధీ ఆత్మప్రబోధం ప్రకారం ఓటు వేయమన్నారు, స్వతంత్రుడిగా నిలబడిన వి.వి.గిరి గెలిచారు, కొన్ని నెలల్లో పార్టీ రెండుగా చీలింది. ప్రతినిధికి స్వేచ్ఛ ఇవ్వడం ఎంత బలమైన మందో అప్పుడు చూశాం. అందుకే నేను రెంటికీ మధ్య నిలబడతాను. అభ్యర్థి బతికి ఉండి, పోటీలో ఉన్నంతకాలం మొదటి విడత ఓటింగ్‌లో డెలిగేట్‌కు సొంత ఇష్టం ఉండకూడదు. అభ్యర్థి మరణించినా, తప్పుకున్నా, మొదటి విడతలో ఎవరికీ మెజారిటీ రాకపోయినా, అప్పుడు నిర్ణయించడానికి మనుషులు కావాలి. లెక్కల పట్టిక మాత్రమే ఉంటే ఆ రోజు ఎవరు మాట్లాడతారు? జూలై 21 సాయంత్రం డెలిగేట్లు లేకపోయి ఉంటే, ఆ నిర్ణయం పార్టీ కార్యాలయంలో నలుగురి చేతిలోకి పోయేది. అంటే మీరు చెప్పిన బీ-ఫారం పద్ధతికే.

జవాబు: ఎడిసన్ వాసి (న్యూజెర్సీ)

పై ఇద్దరూ చెప్పినవి చాలావరకు నాకు సమ్మతమే. కానీ మంజీర గారి మొదటి బాధకు, అంటే ఎవరికీ చెందకుండా పోయిన ఓటుకు, వాటిలో మందు లేదు. గోదారిగట్టు గారు చెప్పినట్టు రాష్ట్రం మొత్తానికి నిష్పత్తి లెక్క కట్టినా, 15 శాతం దాటని అభ్యర్థి ఓటర్లు బయటే ఉండిపోతారు. 2020 న్యూ హాంప్‌షైర్ ప్రైమరీలో 24 మంది డెలిగేట్లను శాండర్స్, బుటిజెజ్, క్లోబుచార్ 9–9–6గా పంచుకున్నారు. వారెన్, బైడెన్ ఇద్దరికీ కలిపి 17 శాతానికి పైగా ఓట్లు వచ్చినా డెలిగేట్లు సున్నా. ఐదో స్థానంలో నిలిచిన ఆ బైడెనే చివరికి అభ్యర్థి అయ్యారన్నది వేరే సంగతి. రిపబ్లికన్ల దగ్గర ఇది ఇంకా తీవ్రం. 2016 సౌత్ కరోలినాలో ట్రంప్‌కు 32.5 శాతం వచ్చాయి. రూబియో, క్రూజ్ చెరో 22 శాతం పైన తెచ్చుకున్నారు. రాష్ట్రం మొత్తానికీ, ఏడు నియోజకవర్గాల్లో దేనికదే గెలిచినవారికే అన్నీ అన్న నియమం ఉండటం వల్ల 50 మంది డెలిగేట్లూ ట్రంప్‌కే వెళ్లారు. ఆ పద్ధతి పోటీని త్వరగా ముగించి పార్టీని ఒక్కటి చేస్తుందని దాన్ని సమర్థించేవారు చెబుతారు, అందులో కొంత నిజం ఉంది. అయితే ముగ్గురిలో ఇద్దరు ఓటర్లు వద్దనుకున్న ఫలితాన్ని ఐకమత్యం అని పిలవడానికి నా మనసు ఒప్పదు.

దీనికి మందు మన తెలుగువాళ్లకు కొత్త కాదు. పట్టభద్రుల ఎమ్మెల్సీ ఎన్నికల్లో ఓటు వేసినవారందరికీ అది తెలుసు: అభ్యర్థుల పేర్ల ఎదురుగా 1, 2, 3 అని ప్రాధాన్యాలు రాయడం. చివర ఉన్నవారిని ఒక్కొక్కరినే తొలగిస్తూ, వారి ఓట్లను తరువాతి ప్రాధాన్యానికి బదిలీ చేస్తారు. చరిత్ర విద్యార్థి గారు ప్రస్తావించిన 1969 ఎన్నికనే చూడండి. మొదటి ప్రాధాన్య ఓట్లలో గిరికి 4,01,515, సంజీవరెడ్డికి 3,13,548, సి.డి.దేశ్‌ముఖ్‌కు 1,12,769 విలువ వచ్చింది. గిరి ముందున్నా, గెలుపుకు కావలసిన సగం లేదు. మిగతావారి ఓట్లను బదిలీ చేశాక గిరికి 4,20,077, సంజీవరెడ్డికి 4,05,427 అయింది. దేశ్‌ముఖ్‌కు ఓటు వేసి, తరువాతి ప్రాధాన్యాలు కూడా రాసినవారికి నా ఓటు వృథా అయిందని అనే అవసరం రాలేదు.

అమెరికాలో 2020లో అలాస్కా, హవాయి, కాన్సస్, వయోమింగ్ డెమొక్రాట్లు ఇదే పద్ధతిని ప్రైమరీకి తగినట్టు మార్చుకున్నారు. బరిలో మిగిలిన ప్రతి అభ్యర్థికీ కనీసం 15 శాతం వచ్చే వరకు అడుగున ఉన్నవారిని తొలగిస్తూ పోయి, ఆ తర్వాత నిష్పత్తి ప్రకారం డెలిగేట్లను పంచారు. మంజీర గారి రాష్ట్రంలో అదే ఉండి ఉంటే, తప్పుకున్న అభ్యర్థికి వేసిన ఆమె ఓటు రెండో ప్రాధాన్యం రాసినవారికి చేరేది. పోస్టు ద్వారా ముందే ఓటు వేసే రాష్ట్రాలు పెరుగుతున్న ఈ రోజుల్లో ఇది అన్నిటికంటే అత్యవసరమైన మార్పు అని నేను గట్టిగా నమ్ముతున్నాను. లెక్కింపు ఆలస్యమవుతుందని కొందరు భయపడతారు. నల్లగొండలో జంబో బ్యాలెట్ పేపర్లను చేత్తో లెక్కించి రోజుల తరబడి ఎదురుచూసిన మాట నిజమే. ఇక్కడ ఆ పని యంత్రాలు చేస్తాయి.

క్యాలెండరు విషయంలో మాత్రం నా బాధ నాది. మా న్యూజెర్సీ ప్రైమరీ సాధారణంగా జూన్‌లో. 2016లో మా ఓటింగ్ జూన్ 7న. ముందు రోజు రాత్రి పిల్లలను పడుకోబెట్టి ఫోను చూస్తే, డెమొక్రాటిక్ అభ్యర్థిత్వానికి కావలసిన మెజారిటీ ఒకరికి వచ్చేసిందని ఒక వార్తాసంస్థ లెక్క కట్టి ప్రకటించింది. మర్నాడు పొద్దున పోలింగ్ కేంద్రంలో నా ముందు ఒక్కరు కూడా లేరు. అలాగని అన్ని రాష్ట్రాల్లో ఒకే రోజు ప్రైమరీ పెట్టాలన్న వాదనతో నేను ఏకీభవించను. అలా అయితే మొదటి రోజే యాభై రాష్ట్రాల్లో టీవీ ప్రకటనలు కొనగలిగినవారే పోటీలో మిగులుతారు. 1976లో దేశానికి పెద్దగా తెలియని జార్జియా మాజీ గవర్నరు కార్టర్, ఐయోవాలో ఇల్లిల్లూ తిరిగి వెలుగులోకి రాగలిగింది పోటీ చిన్న రాష్ట్రంలో మొదలవడం వల్లనే. చిన్న రాష్ట్రంతో మొదలుపెట్టడంలో తప్పు లేదు. ఎప్పుడూ అవే చిన్న రాష్ట్రాలు కావడమే తప్పు. న్యూ హాంప్‌షైర్ తన ప్రైమరీయే అందరికంటే ముందు జరగాలని ఏకంగా చట్టమే చేసుకుంది. 2024లో డెమొక్రాటిక్ పార్టీ సౌత్ కరోలినాను మొదట పెడితే, న్యూ హాంప్‌షైర్ వినకుండా జనవరి 23నే ఎన్నిక జరిపింది. బ్యాలెట్ మీద లేని బైడెన్ పేరును ఓటర్లు చేత్తో రాసి గెలిపించవలసి వచ్చింది. దేశాన్ని నాలుగు ప్రాంతాలుగా విడగొట్టి, మొదట రెండు మూడు చిన్న రాష్ట్రాలు, తర్వాత నెలకో ప్రాంతం, ప్రతి నాలుగేళ్లకూ ఆ వరుస మారేలా చేస్తే, నా కొడుకైనా ఒక ఏడాది ఫిబ్రవరిలోనో మార్చిలోనో ఓటు వేస్తాడు.

మంజీర (బోతెల్)

ముగ్గురికీ హృదయపూర్వక ధన్యవాదాలు. అభ్యర్థి తప్పుకున్న రోజున మాట్లాడటానికి మనుషులు కావాలన్న మాట నా రెండో సందేహాన్ని చాలావరకు తీర్చింది. ప్రాధాన్య ఓటు సంగతి చదివాక మొదటి బాధకు మందు ఉందని కూడా తెలిసింది. మా నాన్నగారికి 1969 అంకెలు చదివి వినిపిస్తే, ఆ రోజు రాత్రి తాము రేడియో చుట్టూ కూర్చున్న సంగతి అరగంట చెప్పారు.

ఆయన అడిగిన అసలు ప్రశ్న మాత్రం ఇంకా మిగిలే ఉంది. డెలిగేట్లు ఎవరు? నా బ్యాలెట్ మీద అభ్యర్థుల పేర్లు ఉన్నాయి గాని, ఒక్క డెలిగేట్ పేరు లేదు. ఆపత్కాలంలో నా తరఫున నిర్ణయం తీసుకోబోయే మనిషి ఎవరో నాకు తెలియకపోతే, ఆ మనిషి మనస్సాక్షిని నేను ఎలా నమ్మాలి?

జవాబు: కిర్క్‌లాండ్ వాసి (వాషింగ్టన్ రాష్ట్రం)

మంజీర గారూ, నేను మీ పక్క ఊరివాడినే. 2016లో డెలిగేట్‌గా వెళ్లాలని ప్రయత్నించి ఓడిపోయాను కాబట్టి ఈ ప్రశ్నకు నేను జవాబు చెప్పగలను.

ఆ ఏడాది మన రాష్ట్రంలో డెమొక్రాట్లు కాకస్ ద్వారానే డెలిగేట్లను పంచారు. మార్చి 26, శనివారం, మర్నాడు ఈస్టర్. ఉదయం పది గంటలకు పాఠశాల వ్యాయామశాలలో మా పోలింగ్ పరిధివాళ్లం ఓ మూల కుర్చీలు వేసుకుని కూర్చుని, ఒక్కొక్కరు లేచి తమ అభ్యర్థి గురించి రెండు మాటలు చెప్పాం. నేను శాండర్స్ తరఫున మాట్లాడాను. మా వీధిలో ఉండే ఒక పసిపిల్ల తల్లి క్లింటన్ తరఫున మాట్లాడాలని వచ్చి, బిడ్డ ఏడుపు ఆపలేక పావుగంటలో వెళ్లిపోయింది. రాష్ట్రమంతటా శాండర్స్ 73 శాతంతో గెలిచారు, 101 మందిలో 74 మంది డెలిగేట్లు ఆయనకు వచ్చారు. ఆ కాకస్‌లకు వచ్చినవాళ్లు సుమారు 2 లక్షల 30 వేల మంది. మే నెలలో రాష్ట్ర ప్రభుత్వం పోస్టు ద్వారా ప్రైమరీ జరిపితే అందులో దాదాపు 8 లక్షల మంది డెమొక్రాటిక్ పక్షాన ఓటు వేశారు, సగానికి పైగా ఓట్లు క్లింటన్‌కు వచ్చాయి. డెలిగేట్ల లెక్కలో మాత్రం ఆ ప్రైమరీకి విలువ లేదు. నా అభ్యర్థికి లాభించిన పద్ధతి అయినా, అది అన్యాయమని ఆ మే నెలలో నాకు అర్థమైంది. 2020 నాటికి పార్టీ ప్రైమరీకి మారింది. మీ ఇంటికి వచ్చిన బ్యాలెట్‌కు డెలిగేట్ల లెక్కలో విలువ వచ్చింది అందువల్లనే.

అయితే గోదారిగట్టు గారి మాటకు ఒక్కటి చేర్చాలి. అభ్యర్థిని నిర్ణయించడానికి కాకస్ పనికిరాదు. డెలిగేట్ అయ్యే మనిషిని ఎంచుకోవడానికి మాత్రం అలాంటి సమావేశమే కావాలి. ఎందుకంటే అక్కడ ఆ మనిషి ముఖం చూస్తాం, మాట వింటాం. ఏ అభ్యర్థికి ఎందరు అన్నది ప్రైమరీ తేల్చేస్తుంది. ఆ ఎందరిలో ఎవరు అన్నది శాసన నియోజకవర్గాల స్థాయి సమావేశాలతో మొదలై, పై స్థాయి సమావేశాల్లో తేలుతుంది. ఆసక్తి ఉన్నవాళ్లు ముందుగా దరఖాస్తు పెట్టుకోవాలి, ఏ అభ్యర్థికి మద్దతు ఇస్తున్నారో రాసి సంతకం చేయాలి. ఆ జాబితాను అభ్యర్థి తరఫువాళ్లు చూసి, తమ మనిషి కాదనుకున్నవారి పేర్లు కొట్టివేయవచ్చు. డెలిగేట్లలో స్త్రీలు, పురుషులు సమానంగా ఉండాలన్నది పార్టీ నియమం. 2016లో నాకు మాట్లాడటానికి ఒక్క నిమిషం ఇచ్చారు. రాసుకొచ్చిన కాగితంలో సగం చదివేసరికి గంట కొట్టారు. నా తర్వాత వచ్చిన ఒక బడి బస్సు డ్రైవరు, కాగితం లేకుండా, తన యూనియన్ గురించి నలభై సెకన్లు మాట్లాడి గెలిచింది. గెలిచినవాళ్లు ప్రయాణం, హోటలు ఖర్చులు సొంతంగా పెట్టుకోవాలి. ఆవిడ కోసం మేమందరం తలా ఇరవై డాలర్లు వేసుకున్నాం. ఆ జూలైలో ఫిలడెల్ఫియా సదస్సును టీవీలో చూస్తూ మన రాష్ట్రం పేరు పిలిచినప్పుడు ఆవిడ ఎక్కడుందా అని వెతికాను.

మీ బ్యాలెట్ మీద డెలిగేట్ల పేర్లు లేకపోవడం లోపమేనని నేనూ ఒప్పుకుంటాను. కనీసం ప్రతి అభ్యర్థి తరఫున దరఖాస్తు పెట్టినవారి పేర్లు, వారి నాలుగు మాటలు పార్టీ ముందుగానే ఓటర్లందరికీ అందుబాటులో ఉంచాలి. అది జరిగే వరకు ఆ సమావేశాలకు వెళ్లడం ఒక్కటే దారి, అక్కడికి మన తెలుగువాళ్లు వచ్చేది చాలా తక్కువ. ఈసారి బ్యాలెట్‌ను చివరి రెండు రోజుల వరకు ఇంట్లోనే ఉంచుకోండి. ఎన్నిక రోజు రాత్రి ఎనిమిది గంటల వరకు డ్రాప్ బాక్సు తెరిచే ఉంటుంది. 2028లో డెలిగేట్‌గా దరఖాస్తు పెట్టాలనుకుంటే నాకు ఇక్కడే రాయండి. మన ఇద్దరిదీ ఒకే శాసన నియోజకవర్గం అయితే, మీ ఒక్క నిమిషం ప్రసంగం ముందుగా గడియారం పెట్టుకుని వింటాను.